గాట్లు పడ్డ ఉత్తరాలు

ఫిబ్రవరి 9

అన్నయ్యకు,

నీ పెట్టె ఇవాళే పార్సిలు ఆఫీసులో ఇచ్చి వచ్చాను. రసీదు ఈ ఉత్తరంతో పెడుతున్నాను, పారేయకు. అక్కడి గుమాస్తా పెట్టెను తూకం మీదికి విసరబోతే గట్టిగా అరిచాను. "ఏముందమ్మా ఇందులో, గాజు సామానా?" అన్నాడు. "మా అన్నయ్య ప్రాణం" అన్నాను. ప్రాణానికి వేరే ఫారం ఉందేమో చూద్దామన్నట్టు పాపం సొరుగు లాగాడు.

నువ్వు రాసినట్టే పాత ఆల్బం పేజీల నుంచి ఉత్తరాలన్నీ విడదీశాను. వాటి వెనక గమ్ము టేపు అంటించినవాడెవడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాలి. కొత్త పేజీలు కోసి, కాగితపు మూలలు పెట్టి అమర్చాను. పేజీని తలకిందులుగా పట్టుకుని చూడు, ఒక్కటి కూడా కదలదు.

ఇక నువ్వు అడగని పని ఒకటి చేశాను. అందులో పదకొండు ఉత్తరాలు మరీ ఘోరంగా ఉన్నాయి. ఎవరో కత్తితో పొడిచినట్టు ఒక్కోదానికి రెండు మూడు గాట్లు, పైగా గోధుమరంగు మరకలు. మడత విప్పే ఓపిక లేని తెలివితక్కువవాడెవడో కత్తి దూర్చి ఉంటాడు. పదింటిని గోరువెచ్చటి నీళ్ళలో తేల్చి మరకలు తీశాను. గాట్లకు వెనకనుంచి ఉల్లిపొర కాగితం పెట్టి, పురుగు పట్టకుండా వేసే మైలతుత్తం కలపని పల్చటి మైదా జిగురుతో అతుకు వేశాను. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నా నీకు కనబడదు. పదకొండోదానికి సిరా చెదిరేలా ఉంది. అందుకని దాన్ని నీళ్ళలో వేయలేదు, అతుకు మాత్రం వేశాను. మరక ఉండిపోయింది, ఏమీ అనుకోకు. బైండింగు షాపు పనంతా పక్కన పెట్టి చేశాను. నీ ప్రదర్శనకు నా తరఫున కానుక అనుకో.

ఒక్కటి అడుగుతాను. వలస పాలన మొదలైన కొత్తలోవని, అప్పటికి తపాలా బిళ్ళలే పుట్టలేదని ఊరంతా చెప్పుకుంటావు. ఆ దొరల భాష నాకు రాదు. అందులో ఎవరు ఎవరికి ఏం రాశారో ఒక్క ఉత్తరం సంగతైనా నాకు చెప్పరాదూ?

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 17

బుల్లీ,

ఫోనులో నోటికొచ్చినట్టు అనేస్తానని మీ వదిన నా చేతిలోంచి ఫోను లాక్కుంది. రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందని ఆవిడ ఆశ. చూద్దాం.

ఏం చేశావో తెలుసా నీకు? అవి తెలివితక్కువవాడు పెట్టిన గాట్లు కావు. ఆ రోజుల్లో ఓడలో కలరా ఉందని తెలిస్తే రేవులోకి రానిచ్చేవారు కాదు. దూరంగా నిలబెట్టేసేవారు. మనుషుల్ని దిగనిచ్చేవారు కాదు గానీ ఉత్తరాలను మాత్రం పట్టకారుతో అందుకునేవారు. రోగం కాగితం మడతల్లో దాక్కుని ఒడ్డెక్కుతుందని భయం. అందుకని ఒక ఉద్యోగి ఉలి పుచ్చుకుని ప్రతి ఉత్తరానికీ గాట్లు పెట్టేవాడు, లోపలికి గంధకం పొగ పోవడానికి. ఆ తర్వాత వెనిగర్ చల్లి, ఆరబెట్టి, అప్పుడు ఊళ్ళోకి పంపేవారు. ఆ గాటే సాక్ష్యం. నువ్వు ముచ్చటపడి కడిగేసిన గోధుమరంగు మరక ఆ వెనిగర్ మరక. అవి రెండూ ఉంటేనే అవి ఆగిన ఓడల ఉత్తరాలు. లేకపోతే పాత కాగితాలు.

రేవు ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ, ఉద్యోగం దిగిపోయిన తర్వాతా, చిత్తుకాగితాల గోడౌన్లలో దుమ్ము మింగి ఏరుకున్నవి అవి. జూన్‌లో ప్రదర్శన. నా జీవితంలో ఇదొక్కటే. ఆ గాట్ల ఫొటోలు జడ్జీలకు ఎప్పుడో పంపాను. ఇప్పుడు అద్దం వెనక ఏం పెట్టమంటావు, నీ పనితనమా?

పెట్టె విప్పగానే వాసన చూశాను. ఇన్నాళ్ళూ వాటిలోంచి వెనిగర్ వాసన సన్నగా వచ్చేది. ఇప్పుడు మన షాపు జిగురు వాసన వస్తోంది. అక్కడే కూలబడిపోయాను. మీ వదిన మంచినీళ్ళిస్తే గ్లాసు విసిరికొట్టాను. దానికి ఆవిడ నాతో మాట్లాడటం లేదు, అదీ నీ ఖాతాలోనే.

ఎవరు చేయమన్నారు నిన్ను?

అన్న


ఫిబ్రవరి 24

అన్నయ్యా,

ఎవరు చేయమన్నారని అడిగావు. నాన్న చేయమన్నాడు.

తెగిన కాగితం ఈ బల్ల దాటి బయటికి పోకూడదు. ఈ మాట నాకు నువ్వు చెప్పాలా, నీకు నేను చెప్పాలా? ఒకాయన తన పుస్తకానికి అట్ట మార్చమని ఇస్తే నాన్న లోపలి చిరుగులన్నీ కూర్చుని అతికాడు. ఆయన వచ్చి, చెప్పని పని ఎందుకు చేశావని గొడవ పెట్టుకుని వెళ్ళాడు. "తిట్టనీరా, కాగితం బాగుపడింది కదా" అని నాన్న నవ్వాడు. ఆ మాట అన్నది నాతో కాదు, నీతో. నువ్వు బల్ల అవతల జిగురు కలుపుతున్నావు. మీసాలొచ్చేదాకా ఈ బల్ల దగ్గరే పెరిగి, రేవు ఆఫీసులో కుర్చీ దొరకగానే అంతా మర్చిపోయావా?

అన్నీ తెలిసినవాడివి, గాట్లు పడ్డ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టావు. ముట్టుకోవద్దని ఒక్క ముక్క రాయలేదు. "పాత పేజీలు తీసి కొత్తవి పెట్టు." అంతే నువ్వు రాసింది. ఇల్లు ఊడ్చే మనిషికైనా ఇంతకంటే ఎక్కువ చెప్తారు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెప్పినా దీనికేం అర్థమవుతుందిలే అనుకున్నావు. పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆల్బం అంతా పేజీ పేజీ తిప్పి చూపించావు. ఆయనకు కాగితానికీ గుడ్డకీ తేడా తెలియదు. ఆవులింతలు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నువ్వు ఆనందబాష్పాలనుకున్నావు. నేనొచ్చి నిలబడితే "నువ్వెళ్ళి వదినతో మాట్లాడుకో" అన్నావు. ఈ కుటుంబంలో కాగితం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, అన్నయ్యా. వెళ్ళి వదినతో మాట్లాడుకున్నాను.

ఆ గాట్ల కథేదో అప్పుడే నాకు చెప్పి ఉంటే ఇవాళ నువ్వు గ్లాసులు విసరాల్సిన పని ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇంతకంటే ఎక్కువ రాస్తే బాగుండదు.

అడిగినదానికి ఇంకా జవాబు లేదు. ఆ ఉత్తరాల్లో ఏముంది?

చెల్లెలు


మార్చి 5

బుల్లీ,

నాన్న బల్లను అడ్డం పెట్టుకోకు.

తెలియక చేశావంటే నేను నమ్మను. కాగితాన్ని వేళ్ళ మధ్య నలిపి అది ఎన్నాళ్ళ నాటిదో చెప్పేదానివి నువ్వు. పదకొండు ఉత్తరాలకు ఒకే వెడల్పున, ఒకే తీరుగా గాట్లు ఉంటే నీకు అనుమానం రాలేదా? వచ్చి ఉంటుంది. వచ్చినా చేశావు. నేను షాపు వదిలేసి ఉద్యోగానికి పోయాననీ, ఆ బరువంతా నీ నెత్తిన పడిందనీ నీకు నామీద మొదటినుంచీ కసి. నాన్న పోయిన రోజు నుంచీ అది నీ మాటల్లో వినబడుతూనే ఉంది. ఇన్నాళ్ళకు తీర్చుకున్నావు. ఇక హాయిగా ఉండు.

ఇక్కడ పాత కాగితాల నిపుణుడు ఒకాయన ఉన్నాడు, బాగా చదువుకున్నవాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను. నువ్వు ఇక రాయకు. రాసినా తీసుకోను.

అన్న


ఏప్రిల్ 2

అన్నయ్యా,

కవరు మీద చేతిరాత మా ఆయనది. నాదైతే తీసుకోవుగా.

పోయిన నెల నేను పంపిన రిజిస్టరు ఉత్తరం తిరిగొచ్చింది. "తీసుకోలేదు, వాపసు" అని పోస్టుమాన్ రాశాడు. కింద నీ సంతకం. తోక కాస్త ఎక్కువ పొడుగ్గా లాగావు, మంచి కోపంలో ఉన్నట్టున్నావు. ఎవరెవరో ఎవరెవరికో రాసుకున్న ఉత్తరాల కోసం గోడౌన్లు తవ్విన మనిషివి, సొంత చెల్లెలి ఉత్తరాన్ని గుమ్మంలోంచే వెనక్కి తిప్పావు. మా ఊరి పోస్టుమాన్ దాన్ని నా చేతికిచ్చి, ఎవరో పోయిన ఇంట్లో నిలబడ్డట్టు తలొంచుకుని నిలబడ్డాడు.

అందులో ఏం రాశానో చెప్తాను విను. మైదా జిగురు శత్రువు కాదు. తడి అద్దుడు కాగితం పెట్టి కాసేపు ఆగితే మెత్తబడుతుంది, వెనక పొర లేచి వస్తుంది, గాటు ముందెలా ఉండేదో అలాగే తెరుచుకుంటుంది. నేను గాటు అంచును ఒక్క నూలుపోగంత కూడా కత్తిరించలేదు. ఎవరినీ గోరు పెట్టనివ్వకు, నేనే వచ్చి లేపుతాను, రైలు టిక్కెట్టు తీశాను అని రాశాను. టిక్కెట్టు రద్దు చేసుకున్నాను.

గాట్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయని చూశాను, అవును. ఒకే మూర్ఖుడు అన్నిటినీ విప్పాడనుకున్నాను. ఉత్తరాలకు రోగం వస్తుందని భయపడే లోకం ఒకటుండేదని నాకెలా తెలుస్తుంది? నాకు కసి లేదు. ఉండేది కాదు.

ఇప్పుడొచ్చింది. ఎందుకంటే లైబ్రరీ పుస్తకాలు బైండింగుకు తెచ్చే మేడమ్ నిన్న మీ ప్రదర్శన పుస్తకం తెచ్చి చూపించింది. అద్దాలు చేసిన వడ్రంగికి పేరుంది. హాలు ఇచ్చినవాళ్ళకు పేరుంది. దీపాలు పెట్టినవాడికి పేరుంది. చివర్న "పేజీల అమరిక: ఒక బైండరు" అని ఉంది. ఒక బైండరు! "ఎవరో మీలాంటివాళ్ళే చేసినట్టున్నారు" అంది మేడమ్. అవునండీ అన్నాను. మా షాపు బోర్డు మీద నాన్న పేరు కింద నా పేరు రాసి ఉంది. రాయడానికి దానికి సిగ్గు లేదు, నీకే వచ్చింది.

వదిన మీద నాకే కోపమూ లేదు. అది మాత్రం చెప్పు.

చెల్లెలు


ఏప్రిల్ 14

బుల్లీ,

ఆ పుస్తకంలో జరిగిన తప్పు నాది కాదు. జనవరిలోనే అచ్చుకు వెళ్ళింది. పేజీలు ఎవరు చేస్తున్నారని ప్రదర్శన కమిటీ కార్యదర్శి అడిగాడు. ఒక బైండరు అన్నాను. ఆయన పేరు అడగలేదు, నేను చెప్పలేదు. దీనికింత రాద్ధాంతం చేస్తావని తెలిస్తే చెప్పేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి విను. నిన్ను తిట్టుకునే తీరిక కూడా నాకు లేకుండా పోయింది.

ఆ నిపుణుడు భూతద్దం పెట్టుకుని పూటంతా చూశాడు. "వీటికి అసలు గాట్లే లేవు" అన్నాడు. మా చెల్లెలు అతికిందని చెప్పాను. "ఇంత కనబడకుండా అతకడం మనిషి వల్ల కాదు" అన్నాడు. వెనక పొర ఎక్కడుందో చూపించమన్నాడు. నాకే కనబడలేదు. అప్పుడు గోటితో గీకబోయాడు. మీ వదిన లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "మా ఆడపడుచు పని అది, ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది. నాతో మాట్లాడని మనిషి నీ తరఫున అందరి ముందూ అరిచింది.

ఆయనే ప్రదర్శనకు జడ్జీ కూడా. ఫొటోల్లో గాట్లు నేనే గీయించానట. లేదంటే అసలువి దాచేసి వేరేవి తెచ్చానట. నెలాఖరులోగా సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే ప్రదర్శనలోంచీ, పాత ఉత్తరాలు సేకరించేవాళ్ళ సంఘంలోంచీ నన్ను తీసేస్తారు. నిన్నటిదాకా నా పక్కన కూర్చుని టీ తాగినవాళ్ళు ఇవాళ నన్ను చూసి జేబులు తడుముకుంటున్నారు. ఇన్నేళ్ళకు దొంగనయ్యాను, బుల్లీ. నువ్వు చెడగొట్టినందుకు కాదు, మరీ బాగా చేసినందుకు.

నువ్వే అతికావని రాసి సంతకం పెట్టి పంపు. బతిమాలడం లేదు. చేసింది నువ్వు, చెప్పాల్సిందీ నువ్వే.

అన్న


ఏప్రిల్ 20

అన్నయ్యా,

కమిటీవాళ్ళకు ఇవ్వాల్సింది ఇది:

"అయ్యా, ఈ పదకొండు ఉత్తరాల గాట్లనూ నా చేత్తో అతికాను. మా అన్నయ్యకు చెప్పకుండా చేశాను. ఆయన పంపిన ఫొటోలు నిజమైనవి. ఇది మనిషి వల్ల కాదని మీలో ఒకరు అన్నారట. వారు నా బల్ల దగ్గరికి వస్తే వారి చొక్కా జేబు చింపి, మళ్ళీ అతికి చూపిస్తాను. ఏ ఉత్తరం పంపినా అతుకు లేపి ఇస్తాను. ఇట్లు, ఒక బైండరు."

ఇక నీకు. పేరు లేని కాగితం చెల్లదని వాళ్ళంటారు, నాకు తెలుసు. కావాలనే రాయలేదు. నా పేరు నీ దగ్గరుంది. నేను పుట్టినప్పుడు అదే పేరు పెట్టాలని మంచం కోడు పట్టుకుని గోల చేసింది నువ్వేనని అమ్మ చెప్పేది. "ఒక బైండరు" అన్న ముక్క కొట్టేసి, నీ చేత్తో, నీ సిరాతో ఆ పేరు అక్కడ రాయి. రాయలేకపోతే దొంగగానే ఉండు. నాకేం ఫరవాలేదు.

ఫరవాలేదని రాశాను గానీ అన్నం సయించడం లేదు. నిన్ను దొంగ అనడానికి వాడెవడు? అనాలంటే నేనుండగా వాడెందుకు?

చెల్లెలు


మే 3

బుల్లీ,

రాశాను. కమిటీ ముందు, ఆ బల్ల మీదే. రెండో అక్షరం అలుక్కుపోయింది. కార్యదర్శి "ఈవిడ మీకేమవుతారు?" అన్నాడు. చెప్పాను. "మరి ముందే చెప్పలేదేం?" అన్నాడు. అలుక్కుపోయిన అక్షరాన్ని మళ్ళీ దిద్దాను.

ఒక్క ఉత్తరం విప్పి గాటు చూపిస్తే మిగిలినవాటినీ నమ్ముతామన్నారు. పదకొండోదాన్ని పంపుతున్నాను. మరక మిగిలింది దానికొక్కదానికే. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మిగిలిన పదీ మూసినవి మూసినట్టే పెడతాను. పక్కన పాత ఫొటోలు. కింద ఈ మాటలు రాయిస్తున్నాను, తప్పుంటే దిద్దు: "వీటికి గాట్లు ఉండేవి. రోగానికి భయపడి ఒకరు పెట్టారు, కాగితం మీద ప్రేమతో ఇంకొకరు మూశారు. మూసింది మా చెల్లెలు. మూయవద్దని నేను చెప్పలేదు." దాని కింద నీ పేరు, మన షాపు పేరు.

దీంతో అంతా అయిపోయిందనుకోకు. ఆ మరకలు కడిగినందుకు నిన్ను క్షమించలేదు, క్షమించను కూడా. అవి ఇక రావు. ఆ పది ఉత్తరాలూ చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మండనీ.

నువ్వడిగినది. పదకొండోది ఒక దర్జీ భార్య తన మరిదికి రాసింది. ఇక్కడికి ఓడెక్కేటప్పుడు ఆ మరిది ఆవిడ చెక్కపెట్టె అడిగి పట్టుకొచ్చాడు, వచ్చే ఓడలో తిరిగి పంపిస్తానని. ఓడలు వస్తున్నాయి పోతున్నాయి, పెట్టె లేదు. "నా చీరెలన్నీ నేలమీద పడున్నాయి. చచ్చిపోయావనుకుని ఏడ్చాను. బతికే ఉన్నావని తెలిశాక ఒళ్ళు మండింది" అని రాసింది. ఇంచుమించు అదే మాట, చీరెలు మాత్రం నేను కలిపాను, వాళ్ళు కట్టేది ఇంకేదో. ఆ "బతికే ఉన్నావని" అన్నచోటే ఉలి దిగింది. మరిది ఇచ్చిన జవాబు కోసం చాలా వెతికాను. దొరకలేదు.

ఆ రిజిస్టరు కవరు నీ దగ్గరే ఉందా? ఉంటే పంపు. ఆల్బంలో పెట్టుకోను, విప్పి చదువుతాను.

అన్న


మే 11

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన పూటే బల్ల ఖాళీ చేశాను. తడి అద్దుడు కాగితం పెట్టి కూర్చున్నాను. తడి తగలగానే వెనిగర్ వాసన లేచింది. ఫిబ్రవరిలో ఇదే వాసన వస్తే పాడు వాసన అనుకుని కిటికీ తెరిచాను. ఈసారి మూసి కూర్చున్నాను. పొర ముక్కలు కాకుండా ఒక్క పట్టున వచ్చింది. మూడు గాట్లూ తెరుచుకున్నాయి, నీ ఫొటోలో ఉన్నట్టే.

ఆరాక దాన్ని చూస్తూ ఉంటే నా చెయ్యి జిగురు గిన్నె మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ పోయింది. చివరికి గిన్నె తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను. మా ఆయన దాన్ని చూసి గంజి అనుకుని మూత తీశాడు, ఆయన సంగతి తెలిసిందే కదా.

నీ మాటల్లో ఒక్క దిద్దుబాటు. "ప్రేమతో" అన్నది కొట్టెయ్. అలవాటుతో అని రాయి. ప్రేమ నీకే కనబడలేదు, ఇక జడ్జీలకేం కనబడుతుంది?

నువ్వు క్షమించనన్నావు, సరే. నేనూ క్షమించలేదు. వదినతో మాట్లాడుకోమన్నావు చూడు, అది ఇంకా అలాగే ఉంది. రిజిస్టరు కవరు పంపను. ఇక్కడే బల్ల సొరుగులో ఉంటుంది. చదవాలనుంటే వచ్చి, నీ పాత చోట కూర్చుని చదువుకో. ఆ దర్జీ భార్య ఇంకేమని తిట్టిందో మొత్తం చదివి వినిపించి మరీ వెళ్ళు. ఆవిడ నాకు నచ్చింది.

ఈ పార్సిలులో ఉన్నది పదకొండోది. తెగిన కాగితం నాన్న బల్ల దాటి బయటికి పోవడం ఇదే మొదలు. తలుపు దాకా తీసుకెళ్ళి రెండుసార్లు వెనక్కి తెచ్చాను. నాన్న ఉంటే ముందు నా వీపు పగిలేది, తర్వాత నీది.

పైన చిరునామా నేనే రాశాను, నా చేతిరాతే. తీసుకో.

బుల్లి